కారణం చెప్పని అంగళ్లు

2025 జూలై నాలుగో వారంలో ప్రపంచంలోని చిన్న ఆటల రూపకర్తలు చాలామంది ఒకే పని చేశారు. తమ ఆట పేరు టైపు చేసి వెతికారు. దొరకలేదు. ఇచ్ డాట్ ఐఓ అనే ఆన్‌లైన్ అంగడి, పెద్దలకు మాత్రమే అని గుర్తు ఉన్న పేజీలన్నింటినీ వెతుకులాట నుంచి ఒక్క దెబ్బకు తప్పించింది. ముందస్తు ఉత్తరం లేదు, గడువు లేదు. పరిస్థితి వేగంగా మారడంతో ముందుగా చెప్పే వ్యవధి దొరకలేదని సంస్థ స్థాపకుడు లీఫ్ కోర్కొరన్ తర్వాత రాశారు. అంతకు వారం ముందే, కంప్యూటర్ ఆటలకు అన్నిటికంటే పెద్ద అంగడి అయిన స్టీమ్ తన నిబంధనల్లో ఒక కొత్త వాక్యం చేర్చింది. చెల్లింపు సంస్థలు, కార్డు నెట్‌వర్కులు, బ్యాంకులు పెట్టుకున్న ప్రమాణాలకు విరుద్ధమయ్యే అవకాశమున్న సరుకు ఇక్కడ కుదరదన్నది దాని సారాంశం. ఆ ప్రమాణాలేమిటో స్టీమ్ చెప్పలేదు. వాటిని ఎక్కడ చదవాలో కూడా చెప్పలేదు.

ఇచ్ డాట్ ఐఓ అంటే 2013లో మొదలైన చిన్న అంగడి. అక్కడ అమ్మకంలో అంగడికి ఎంత వాటా ఇవ్వాలో ఆట చేసినవాళ్లే నిర్ణయించుకుంటారు. స్టీమ్ సాధారణంగా 30 శాతం తీసుకుంటుంది. పెద్ద అంగడిలో తలుపు దొరకనివాళ్లు, చదువుకునే పిల్లలు, ఒంటరిగా రాత్రుళ్లు కూర్చుని ఆట కట్టుకునేవాళ్లు చేరిన చోటు ఇచ్. ఆ చోటే ఇలా చేసేసరికి నష్టం కొన్ని పేజీలకు పరిమితం కాలేదు. పెద్దల ఆటలతో ఏ సంబంధమూ లేని రూపకర్తలు సైతం, ఈసారి వాళ్లు, వచ్చేసారి మేమా అని అడగడం మొదలుపెట్టారు.

కామారెడ్డిలోనో ఎల్లారెడ్డిలోనో ఈ పత్రిక చదివే పాఠకుడికి ఇదంతా ఎక్కడో అమెరికాలో గొడవ అనిపించవచ్చు. నాకు అలా అనిపించడం లేదు. మన ఆటల స్టూడియోలు దాదాపు అన్నీ హైదరాబాద్‌లోనే ఉన్నాయన్నది నిజం. అక్కడి ఓగర్ హెడ్ స్టూడియో చేసిన 'అసుర' 2017లో స్టీమ్‌లో విడుదలైంది. అయితే ఆట కట్టడానికి ఇప్పుడు హైదరాబాద్ అవసరం లేదు. గోడో అనే పనిముట్టు ఉచితం, దాని మూలం అందరికీ తెరిచి ఉంటుంది. ఒక మాదిరి ల్యాప్‌టాప్ చాలు. భిక్కనూరులోని తెలంగాణ విశ్వవిద్యాలయం దక్షిణ ప్రాంగణంలో చదివే పిల్ల, బాసర ట్రిపుల్ ఐటీ నుంచి సెలవులకు ఎల్లారెడ్డి వచ్చిన పిల్లవాడు, ఇంట్లో మంచం మీద కూర్చుని ఆట చేయగలరు. నిజామాబాద్‌లో 2023 ఆగస్టు నుంచి ఐటీ హబ్ ఉంది. రాష్ట్రానికి 2016 నుంచే యానిమేషన్, గేమింగ్ రంగాల కోసం ఇమేజ్ పేరుతో విధానం ఉంది. 2026 కేంద్ర బడ్జెట్‌లో దేశవ్యాప్తంగా 15,000 ఉన్నత పాఠశాలల్లో, 500 కళాశాలల్లో యానిమేషన్, గేమింగ్ ల్యాబులు పెట్టేందుకు తోడ్పడతామని ప్రకటించారు. అంటే ఆటలు చేయండని పిల్లలకు ప్రభుత్వాలే చెబుతున్నాయి. చేసిన ఆటను ఎక్కడ అమ్ముకోవాలి, అమ్మిన అంగడి ఒకరోజు తలుపు వేస్తే ఎవరిని అడగాలి అన్న ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ఎవరూ మాట్లాడరు.

అసలు గొడవ ఎక్కడ మొదలైందో న్యాయంగా చెప్పుకోవాలి. స్త్రీల మీద అత్యాచారాన్ని ఆటగాడి చేతనే చేయించే 'నో మెర్సీ' అనే ఆట 2025లో స్టీమ్‌లోకి వచ్చింది. జనం మండిపడ్డారు, కొన్ని దేశాల్లో దాన్ని అందకుండా చేశారు, ఏప్రిల్‌లో అది స్టీమ్ నుంచి వెళ్లిపోయింది. ఆస్ట్రేలియాకు చెందిన కలెక్టివ్ షౌట్ అనే సంస్థ అంతటితో ఆగలేదు. అలాంటి ఆటలు ఇంకా వందల్లో ఉన్నాయంటూ జూలైలో చెల్లింపు సంస్థల అధిపతులకు బహిరంగ లేఖ రాసింది. మొదట చెప్పిన స్టీమ్, ఇచ్ ఆంక్షలు ఆ తర్వాత వచ్చినవే. ఇంట్లో ఆడపిల్లలున్న ఎవరైనా ఆ ఆగ్రహాన్ని అర్థం చేసుకుంటారు. నేనూ చేసుకుంటాను. అత్యాచారాన్ని వినోదంగా అమ్మడాన్ని నేను స్వేచ్ఛ అనను. పిల్లల మీద లైంగిక హింసను చూపే దేనికీ ఒక్క గంట గడువు కూడా ఇవ్వనక్కరలేదు.

కానీ దెబ్బ ఎక్కడ పడిందో చూడండి. 'వైల్: ఎగ్జ్యూమ్డ్' అనే భయానక ఆటను స్టీమ్ తొలగించింది. అది స్త్రీల మీద మగవాడి వేధింపును, వెంటాడే ఉన్మాదాన్ని నిలదీస్తూ ఒక స్త్రీ చేసిన ఆట. లైంగిక చర్యలేవీ అందులో చూపలేదని ఆమె మొత్తుకున్నారు. వినేవాళ్లు లేక చివరికి దాన్ని ఉచితంగా విడుదల చేసుకున్నారు. ఇటలీ స్టూడియో సాంటా రజోనె చేసిన 'హార్సెస్' సంగతి ఇంకా ఘోరం. 2023లోనే స్టీమ్ దాన్ని కాదంది. ఏ భాగం అభ్యంతరకరమో స్పష్టంగా చెప్పలేదనీ, మార్చుకుంటామన్నా మళ్లీ చూడలేదనీ స్టూడియో చెబుతోంది. 2025 డిసెంబరు 2న విడుదల అనగా, అంతవరకు సరేనన్న ఎపిక్ అంగడి కూడా ముందురోజు చేయి వెనక్కి తీసుకుంది. సంస్థ మూతపడే స్థితికి వచ్చామని వాళ్లు బహిరంగంగానే అన్నారు. ఆ ఆట మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. విడుదలకు ఒక్కరోజు ముందు కాదనడం మాత్రం ఏ వ్యాపార ధర్మంలోనూ ఇమడదు.

ఇక అసలు నిర్ణయం ఎవరిది? ఇక్కడే ఈ వ్యవహారమంతా చిక్కుపడి ఉంది. ఒక ఆటగాడు 500 రూపాయల ఆట కొన్నాడనుకుందాం. అతని కార్డు ఇచ్చిన బ్యాంకు ఒకటి. ఆ కార్డు మీద ముద్ర వీసాదో, మాస్టర్‌కార్డ్‌దో. అంగడి తరఫున డబ్బు అందుకునే బ్యాంకు మరొకటి. ఈ బ్యాంకుకూ అంగడికీ మధ్య పేపాల్, స్ట్రైప్ వంటి చెల్లింపు సంస్థ ఉంటుంది. ఇన్ని చేతులు దాటాక అంగడికి, అంగడి వాటా పోయాక రూపకర్తకు సొమ్ము చేరుతుంది. ఈ వరుసలో ఏ ఒక్కరు కాదన్నా అమ్మకం ఆగిపోతుంది. రూపకర్తకు ఒప్పందం ఉన్నది అంగడితో మాత్రమే. మిగిలిన వాళ్లకు అతని పేరు కూడా తెలియదు.

గోల పెరిగాక 2025 ఆగస్టు 1న మాస్టర్‌కార్డ్ ఒక ప్రకటన చేసింది. మేము ఏ ఆటనూ పరిశీలించలేదు, ఏ అంగడినీ ఆంక్షలు పెట్టమనలేదు, చట్టబద్ధమైన కొనుగోళ్లన్నీ మా నెట్‌వర్క్‌లో సాగుతాయని అందులో చెప్పింది. స్టీమ్ యజమాని వాల్వ్ దానికి బదులిచ్చింది. మాస్టర్‌కార్డ్ మాతో నేరుగా మాట్లాడలేదు, మాట్లాడమని మేమడిగినా మాట్లాడలేదు, మధ్యలోని చెల్లింపు సంస్థల ద్వారా, బ్యాంకుల ద్వారా మాట వచ్చిందని చెప్పింది. ఆ మధ్యవాళ్లు చూపిన ఆధారం మాస్టర్‌కార్డ్ నిబంధన 5.12.7. మాస్టర్‌కార్డ్ సొంత విచక్షణలో తన పేరుకు మచ్చ తెస్తుందనిపించే లావాదేవీలను వద్దనే నిబంధన అది. గంభీరమైన కళా విలువ లేని అసభ్య చిత్రణ అన్న మాట కూడా ఆ నిబంధనలో ఉంది. ఒక రచనలో కళా విలువ ఉందో లేదో తేల్చే పని బ్యాంకు రిస్కు విభాగంలో కూర్చున్న ఉద్యోగి మీద పడిందన్నమాట. తప్పుపడతారేమోనన్న భయంతో అతను ఎప్పుడూ కాదనే వైపే మొగ్గుతాడు. మచ్చ తెచ్చే ఒక్క ఆటను ఆపకపోతే అతని ఉద్యోగానికి ముప్పు. మంచి ఆటలు వందింటిని ఆపినా అతన్ని ప్రశ్నించేవాడు లేడు.

స్ట్రైప్ మాట కూడా ఇదే తీరు. తమ వెనుక ఉన్న బ్యాంకులు ఒప్పుకోనందున లైంగిక చిత్రణ ఉన్న సరుకుకు సేవలు అందించలేమంది. పేపాల్ వైపు నుంచి వచ్చిన దెబ్బ ఇంకా విచిత్రం. కొన్ని కరెన్సీల్లో స్టీమ్ లావాదేవీలు చూసే బ్యాంకు జూలై మొదట్లో ఉన్నపళంగా తప్పుకోవడంతో, డాలరు, యూరో, పౌండు వంటి ఆరు కరెన్సీలకే అక్కడ పేపాల్ మిగిలింది. ఇలా ప్రతి ఒక్కరూ తమ వెనుకనున్నవాడిని చూపించారు. చివరన ఉన్నవాడు మాకు తెలియదన్నాడు. రూపకర్తల నమ్మకం పోయింది ఇక్కడే. ఆంక్షలున్నాయని పోలేదు. ఆంక్ష పెట్టినవాడు దొరకలేదని పోయింది.

చెల్లింపు మార్గాన్ని నొక్కి మాటను ఆపడం కొత్తేమీ కాదు. 2010 డిసెంబరులో, రహస్య పత్రాలు బయటపెట్టే వికీలీక్స్‌కు విరాళాలు చేరకుండా వీసా, మాస్టర్‌కార్డ్, పేపాల్ ఆపేశాయి. ఏ కోర్టూ అలా ఆదేశించలేదు. 2021 ఆగస్టులో ఓన్లీఫ్యాన్స్ అనే సభ్యత్వ వెబ్‌సైట్ బ్యాంకుల ఒత్తిడి పేరు చెప్పి లైంగిక చిత్రణను నిషేధిస్తామని ప్రకటించి, సభ్యుల ఆగ్రహానికి కొద్దిరోజుల్లోనే వెనక్కి తగ్గింది. ఇదే వాల్వ్ 2018 జూన్‌లో ఏమన్నదో గుర్తుచేసుకోవాలి. చట్టవిరుద్ధమైనవీ, కేవలం రెచ్చగొట్టడానికి చేసినవీ తప్ప అన్నిటినీ అంగట్లో ఉంచుతామని అప్పట్లో ప్రకటించింది. ఆ మాట నమ్మి ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు ఉన్నారు. ఒక ఆటకు రెండేళ్లు, మూడేళ్లు పట్టడం మామూలే. నియమాలు మధ్యలో మారితే ఆ ఏళ్లు తిరిగి రావు. ఆటలు కట్టే పనిముట్ల దగ్గరా ఇదే అనుభవం. యూనిటీ సంస్థ 2023 సెప్టెంబరులో, ఆట ఎన్నిసార్లు ఇన్‌స్టాల్ అయితే అన్నిసార్లు రుసుము అని ప్రకటించి రూపకర్తల గుండెల్లో రాయి వేసింది. సరిగ్గా ఏడాదికి దాన్ని రద్దు చేసింది. ఈలోగా ఎందరో గోడో వైపు వెళ్లిపోయారు. వెళ్లినవాళ్లు తిరిగి రావడం కష్టం.

ఈ ప్రాంతంవాళ్లకు ఇలాంటి కష్టం ఎలా ఉంటుందో విడమరచి చెప్పనక్కరలేదు. కామారెడ్డి బెల్లం మార్కెట్‌కు ఒకప్పుడు ఎంత పేరో పెద్దవాళ్లనడిగితే చెబుతారు. చెరకు రైతు పొలం దగ్గరే గానుగ ఆడించి బెల్లం వండేవాడు. నల్లబెల్లం గుడుంబాకు పోతోందన్న కారణంతో ఎక్సైజు శాఖ పట్టు బిగించింది. బెల్లం, పటిక అమ్మేవాళ్లను తహసీల్దారు ముందు బైండోవర్ చేయడం, లారీలు ఆపడం, సరుకు స్వాధీనం చేసుకోవడం మామూలైపోయాయి. గుడుంబా ఊళ్లను తినేసిందన్నది నిజం, దాన్ని ఆపవలసిందే. కానీ బెల్లం వండినవాడు సారా కాయలేదు. ఎవరో ఎక్కడో చేసే పనికి వండినవాడి మీద అనుమానం పడింది. చాలామంది రైతులు వండడం మానుకుని చెరకును ఫ్యాక్టరీకి తోలడంతో సరిపెట్టుకున్నారు. ఆటల అంగళ్లలో జరుగుతున్నదీ ఇదే వరస. దుర్మార్గపు ఆట చేసినవాడి కోసం వేసిన వల, దుర్మార్గాన్ని ఎత్తిచూపిన రూపకర్తకు చుట్టుకుంటోంది.

ఒక్క తేడా మాత్రం ఉంది, అది చాలా పెద్ద తేడా. బెల్లం పట్టుకున్న అధికారి ఎవరో వ్యాపారికి తెలుసు. ఏ చట్టం కింద పట్టుకున్నాడో కాగితం మీద ఉంది. పంచనామా ఉంది, అందులో బస్తాల లెక్క ఉంది, సాక్షుల సంతకాలున్నాయి. ఆ కాగితాలు పట్టుకుని వ్యాపారులు ఉమ్మడి రాష్ట్ర హైకోర్టుకు వెళ్లారు, నల్లబెల్లం వివాదాన్ని ఫుల్ బెంచ్ విచారించింది. గెలుపోటములు తర్వాతి సంగతి. వాదించుకునే చోటు ఉంది. ఆటను పోగొట్టుకున్న రూపకర్త చేతిలో పంచనామా లేదు. ఒక మెయిల్ ఉంటుంది. మా విధానాలకు విరుద్ధం అన్న మాట ఉంటుంది. ఏ పాత్ర, ఏ సంభాషణ, ఏ దృశ్యం అన్నది ఉండదు.

సినిమావాళ్లతో పోల్చినా ఇంతే. సెన్సారు మీద తెలుగు నిర్మాతలకు ఎన్ని ఫిర్యాదులున్నా, 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ఒక దారి చూపింది. హైదరాబాద్‌లో ప్రాంతీయ కార్యాలయం ఉంది. పరిశీలక సంఘం సినిమా చూస్తుంది, ఎక్కడ కత్తెర వేయాలో రాసి ఇస్తుంది. నచ్చకపోతే రివైజింగ్ కమిటీ, అక్కడా కాకపోతే హైకోర్టు. అప్పీలు ట్రిబ్యునల్‌ను 2021లో ఎత్తివేయడం నా దృష్టిలో తప్పే, అయినా తలుపు పూర్తిగా మూసుకోలేదు. వంద కోట్ల సినిమాకు దొరికే ఈ మాత్రం మర్యాద ఒక విద్యార్థి చేసిన ఆటకు ఎందుకు దొరకకూడదు?

మన దేశంలో ఆటల మీద వచ్చిన ఆంక్షల చరిత్ర కూడా రూపకర్తల నమ్మకాన్ని పెంచేలా లేదు. పబ్జీ మొబైల్‌ను 2020 సెప్టెంబరు 2న ఆపారు. దాని స్థానంలో వచ్చిన బీజీఎంఐ 2022 జూలై 28న ప్లే స్టోర్ నుంచి మాయమై 2023 మే నెలలో తిరిగి వచ్చింది. ఆ పది నెలలు, ఆ ఆట ఆడుతూ యూట్యూబ్‌లో చూపించి నాలుగు రూపాయలు సంపాదించుకునే కుర్రాళ్ల గతి ఏమిటని ఎవరూ అడగలేదు. ఆపడానికి వాడింది ఐటీ చట్టంలోని 69ఏ సెక్షన్. దాని కింద 2009లో చేసిన నియమాల్లో 16వ నియమం ఈ ఆదేశాలను గోప్యంగా ఉంచమంటుంది. దేశ భద్రత కారణమైతే కొంత గోప్యత తప్పదేమో. అయితే ప్రభుత్వమే కారణం దాచినప్పుడు ప్రైవేటు అంగడిని కారణం చెప్పమని అడిగే నైతిక బలం దానికి తగ్గుతుంది.

2024 మార్చి 1న గూగుల్, రుసుముల వివాదంలో భారత్ మ్యాట్రిమోనీ, నౌకరీ, కుకు ఎఫ్ఎం వంటి సంస్థల యాప్‌లను ప్లే స్టోర్ నుంచి తీసేసింది. కేంద్ర మంత్రి కలగజేసుకున్నారు, కొద్దిరోజుల్లో అవి తిరిగి వచ్చాయి. ఈ ఉదంతం నాకు ధైర్యం కంటే దిగులే ఎక్కువ కలిగించింది. ఆ సంస్థలకు ఢిల్లీలో మాట వినిపించే స్తోమత ఉంది. ఎల్లారెడ్డి కుర్రాడి ఖాతా మూసేస్తే ఏ మంత్రి ఫోను చేస్తాడు? అతను ప్లే స్టోర్‌లో అడుగుపెట్టడమే ఒక ప్రయాసగా మారింది. 2023 నవంబరు తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలైతే, 20 మంది చేత 14 రోజులు ఆటను పరీక్షింపజేస్తేగాని విడుదలకు అర్హత లేదన్నారు. గోల పెట్టాక 2024 డిసెంబరులో ఆ సంఖ్యను 12కు తగ్గించారు. హైదరాబాద్ స్టూడియోకు 12 మంది లెక్కలోకి రారు. ఒంటరి విద్యార్థి మాత్రం ఫోన్లున్న స్నేహితులను, బాబాయి కొడుకులను బతిమాలుకోవాలి. స్టీమ్‌లో ఒక్కో ఆటకు 100 డాలర్లు ముందు కట్టాలి, అంటే దాదాపు 9 వేల రూపాయలు. ఆట వెయ్యి డాలర్ల వ్యాపారం చేస్తేనే అవి తిరిగి వస్తాయి.

అంగడి వద్దనుకుని ఆటను నేరుగా ఫోన్లకు పంపుకుందామా అంటే ఆ దారీ ఇరుకవుతోంది. ధ్రువీకరణ పొందని డెవలపర్ల యాప్‌లు ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎక్కకుండా చేసే పద్ధతిని గూగుల్ 2025 ఆగస్టులో ప్రకటించింది. 2026 సెప్టెంబరులో బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయ్‌లాండ్‌లతో మొదలుపెట్టి తర్వాత మిగిలిన దేశాలకు తెస్తామంది. నిరసనలొచ్చాక, అనుభవమున్న వాడుకరులకు ఒక పక్కదారి ఉంచుతామంటోంది. మోసపు యాప్‌లతో ఖాతాలు ఖాళీ అవుతున్న మన ఊళ్లలో ఈ జాగ్రత్తకు అర్థముంది. కానీ మూసిన తలుపును ఎవరు, ఎలా తెరుస్తారన్న ప్రశ్న ఇక్కడా మిగిలే ఉంది.

డబ్బు పందేల ఆటల సంగతిని ఇందులో కలపకూడదు. తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహక, నియంత్రణ చట్టం దేశమంతటా డబ్బు పందేల ఆటలను నిషేధించింది. అందించేవాళ్లకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. వాటికి చెల్లింపులు జరపరాదని బ్యాంకులనూ కట్టడి చేసింది. అప్పుల పాలైన కుటుంబాలను చూసినవాడిగా ఆ నిషేధాన్ని నేను సమర్థిస్తాను. పైగా దానికి ఒక మర్యాద ఉంది. పార్లమెంటులో పెట్టారు, చర్చ సరిపోలేదని అన్నవాళ్లు అన్నారు, హైదరాబాద్‌లో పుట్టిన ఏ23 రమ్మీ యాజమాన్యం సహా వ్యతిరేకించినవాళ్లు కోర్టులకు వెళ్లారు, కేసులు సుప్రీంకోర్టుకు చేరాయి. చట్టం నచ్చకపోయినా ఎవరితో తగవు పెట్టుకోవాలో వాళ్లకు తెలుసు.

చిన్న రూపకర్తలకు భయం మరో చోట ఉంది. డబ్బుతో కొన్న నాణేలు, టోకెన్లు కూడా పందెం కిందికి రావచ్చని ఆ చట్టం నిర్వచించింది. పందెం లేని మామూలు ఆటలోనూ పది రూపాయలకు నాణేలు అమ్మడం ఈ రంగంలో సర్వసాధారణం. అంగళ్లు జైలు భయంతో అతిజాగ్రత్తకు పోయి అలాంటి ఆటలనూ తోసిపుచ్చితే, చట్టం కాపాడతానన్న వినోదపు ఆటలే ముందు బలవుతాయి. నా ఆట ఏ కోవలోకి వస్తుందని అడిగిన చిన్న డెవలపరుకు ఆ చట్టం కింది నియంత్రణ సంస్థ రాతపూర్వకంగా, రుసుము లేకుండా, నెల తిరక్కుండా జవాబివ్వాలి. ఆ జవాబును అంగడి గౌరవించాలి.

ఇంకో బాధ ఉంది, అది నా మనసుకు అన్నిటికంటే దగ్గరిది. మన కథలు ఆటలుగా ఇంకా రాలేదు. ఈ జిల్లాలో బీడీలు చుట్టి ఇల్లు నడిపిన తల్లులున్నారు, గల్ఫ్‌కు పోయి పాస్‌పోర్టు యజమాని చేతిలో పెట్టి కూర్చున్న తండ్రులున్నారు, అప్పుకు ఉరేసుకున్న రైతుల ఇళ్లున్నాయి. దోమకొండ కోట ఉంది, దాని చుట్టూ దొరతనపు జ్ఞాపకాలున్నాయి. నిజాంసాగర్ నీళ్ల కింద పంట పండించుకున్నవాళ్ల కథలున్నాయి. వీటి మీద నిజాయితీగా ఆట చేసినవాడు పొగాకును చూపిస్తాడు, ఆత్మహత్యను చూపిస్తాడు, దెబ్బలను, కులం పేరుతో పడిన తిట్లను, ఆడవాళ్ల మీద జరిగిన అఘాయిత్యాన్ని చూపిస్తాడు. చూపించకపోతే అది అబద్ధమవుతుంది. ఇవన్నీ యంత్రాల జల్లెడలో ఎర్రజెండాలుగా కనబడే విషయాలే. తెలుగు రాని, ఈ నేల ఎరగని ఒక పరిశీలకుడు రైతు ఆత్మహత్య మీద వచ్చిన ఆటనూ, ఆత్మహత్యను వేడుక చేసే ఆటనూ వేరుచేసి చూడగలడా? అనుమానం వచ్చినప్పుడు అతను ఏం చేస్తాడో బ్యాంకు ఉద్యోగి విషయంలో చూశాం. తొలగించకముందే రూపకర్త తనకు తానే తొలగించుకోవడం దీనికన్నా పెద్ద నష్టం. గల్ఫ్ కథ వద్దులే, రంగురాళ్లు కలిపే ఆట చేసుకుందాం అనుకున్న పిల్లవాడి పేరు ఏ తొలగింపుల జాబితాలోనూ ఉండదు.

దీనికి మందు లేకపోలేదు. ఐరోపా కూటమిలో 2020 జూలై నుంచి అమల్లో ఉన్న నియమం ప్రకారం, అంగడి ఒక వ్యాపారిని పూర్తిగా తొలగించాలంటే సాధారణంగా 30 రోజుల ముందు కారణాలు రాసి ఇవ్వాలి. 2024 ఫిబ్రవరి నుంచి డిజిటల్ సేవల చట్టం కింద, ఏ సరుకును తీసినా ఏ నియమం కింద, ఏ వాస్తవాల ఆధారంగా తీశారో తెలపాలి. మన దగ్గర అలాంటి సూటి నియమం లేదు. ఉన్నదల్లా ఐటీ నియమాల కింద 2023లో పని మొదలుపెట్టిన ఫిర్యాదుల అప్పీలు కమిటీలు. అంగడి ఫిర్యాదుల అధికారి ఇచ్చిన జవాబు నచ్చకపోతే 30 రోజుల్లో వాటిని ఆశ్రయించవచ్చు. ఆటల అంగళ్ల నిర్ణయాలు వీటి పరిధిలోకి వస్తాయని, రూపకర్త కూడా ఇక్కడ ఫిర్యాదుదారేనని కేంద్రం స్పష్టంగా ప్రకటించాలి. పిల్లల మీద లైంగిక హింస వంటి నేరాలు మినహా, తొలగింపుకు ముందు గడువు, అభ్యంతరకరమైన భాగాన్ని వేలుపెట్టి చూపించే రాతపూర్వక కారణం, సరిదిద్దుకునే ఒక అవకాశం తప్పనిసరి చేయాలి. అప్పటివరకు అమ్మిన సొమ్మును ఆపకూడదు.

చెల్లింపుల వరుస మీద ప్రశ్న రిజర్వు బ్యాంకుది. దేశంలోని చెల్లింపు మధ్యవర్తులు దాని అనుమతితోనే నడుస్తున్నారు. చట్టబద్ధమైన సరుకును పేరుకు మచ్చ అన్న కారణంతో కాదనేట్టయితే, ఆ మాట కాగితం మీద పెట్టి అంగడికీ రూపకర్తకూ ఇవ్వాలని అది ఆదేశించగలదు. విదేశీ కార్డు సంస్థల మెడలు మనం వంచలేం. మన కొనుగోలుదారు యూపీఐతో మన రూపకర్తకు కట్టే డబ్బుకైనా ఈ మర్యాద దక్కించవచ్చు.

ఆటలు చేస్తున్న పిల్లలకు ఒక మాట. ఒక్క అంగడినే నమ్ముకోకండి. మీ ఆట మూలాన్ని, ఆడినవాళ్ల చిరునామాలను వాళ్ల అనుమతితో మీ దగ్గర ఉంచుకోండి. అంగడితో నడిచిన ప్రతి ఉత్తరాన్నీ దాచుకోండి. రేపు ఎవరైనా అడిగితే మీ చేతిలో ఉండే పంచనామా అదొక్కటే. అధ్యాపకులు ఆట కట్టడం నేర్పుతున్నప్పుడే ఒప్పందం చదవడమూ నేర్పాలి.

రాష్ట్ర ప్రభుత్వానికి, హైదరాబాద్‌లోని యానిమేషన్, గేమింగ్ సంఘానికి నా విన్నపం ఇది. కొత్త ల్యాబుల కోసం ఢిల్లీకి రాసే ఉత్తరాల్లో ఇక్కడ అడుగుతున్నవాటిని కూడా చేర్చండి. కామారెడ్డి బడిలో మొదటి ల్యాబు తెరుచుకునే నాటికి, అక్కడ చేసిన ఆటను కారణం చెప్పకుండా తీసేయడం ఈ దేశంలో కుదరదన్న నియమం అమల్లో ఉండాలి.